కొండ మీద పని చేసేవారికి బీపీ రాదా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర గిరిజన గ్రామం. ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉంటున్నాను. ఇటీవల ఇక్కడికి వచ్చిన మా అమ్మకు వేర్వేరు రోజుల్లో చూపిస్తే బీపీ 160/100 పైనే ఉంది. డాక్టరు రాసిన మాత్రలు ఊరికి వెళ్లాక మానేసింది. ఏ బాధా లేదనీ, కొండలెక్కి కాఫీ తోటలో పని చేసేవారికి బీపీ ఏమిటనీ అంటోంది. మాత్రలు తప్పనిసరా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పనిసరే. డాక్టరు రాసినట్లే మీ అమ్మగారు వెంటనే మళ్లీ మొదలుపెట్టాలి. అధిక రక్తపోటు పైకి ఏ బాధా లేకుండానే ఏళ్ల తరబడి గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పక్షవాతం వచ్చాకే బీపీ ఉందని తెలిసినవారు ఎందరో ఉన్నారు.

ఆమె నమ్మకం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాలకు చెందిన 52 ప్రాంతాలవారిని పరీక్షించినప్పుడు, బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవారి సగటు రక్తపోటు సుమారు 95/61 మాత్రమే ఉంది. వయసుతో పాటు అది పెరగనూ లేదు. అయితే వారి తిండిలో ఉప్పు దాదాపు లేదు, మద్యం లేదు, ఒంటి బరువూ తక్కువే. ఆ రక్షణ వారి జీవన విధానం వల్ల వచ్చింది గానీ గిరిజనులుగా పుట్టినందువల్ల కాదు. మన ఏజెన్సీలో వారపు సంత ఉప్పును, ఉప్పు చేపను ఏనాడో ఇంటింటికీ చేర్చింది. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. అంబలిలో ఉప్పు వేసుకుని, పైన ఎండుచేప నంజుకుంటే ఆ కొలత తేలికగా దాటిపోతుంది. ఎండుచేపను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే కొంత మేలు. చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అలవాటుంటే మాన్పించండి.

కొండెక్కి రాగానే, పొగ తాగగానే బీపీ చూడకూడదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో ఆనించి చూడాలి. సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే అంకె తక్కువగా కనిపించి, ఉన్న జబ్బు మరుగున పడుతుంది. గిరిజన గ్రామాల్లో వైద్య శిబిరాలు పెట్టేవారు దీన్ని తప్పక గమనించాలి.

మాత్రలు మానేయడానికి చాలాసార్లు మొండితనం కన్నా దూరమే కారణమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితంగా దొరుకుతాయి కనుక, నెలకు సరిపడా అడిగి, సంతకు వెళ్లిన రోజున తెచ్చుకునే ఏర్పాటు చేయండి. ఆకు మందు ఏదైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఎప్పుడైనా మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా తెల్లవారే దాకా ఆగకుండా 108కు ఫోన్ చేయమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.