ఫ్రిస్కోలో కొత్తగా కయాకింగ్: 400 డాలర్లలో ఏం కొనాలి?

రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, కేమ్రీ కారు, ఏడేళ్ళ పాప, చేతిలో 400 డాలర్లు, ఏ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొనాలి అని అడిగారు. మీ ఇద్దరికీ ఈత అంతంతమాత్రమే అని చివర్లో ఒక ముక్క రాశారు. ఆ ముక్క చూశాకే జవాబు రాయాలనిపించిందండి. మేమూ అలాగే మొదలుపెట్టాం, ఇక్కడే, డాలస్ పక్కన.

పడవ సంగతి తర్వాత. ముందు లైఫ్ జాకెట్.

మొదటి ఏడాది నేను అట్టపెట్టెలో వచ్చే, గాలి కొట్టి ఉబ్బించే ఇద్దరి గాలి కయాక్ కొని, మిగిలిన చిల్లరతో రెండు నారింజ రంగు జాకెట్లు తెచ్చాను. మెడ చుట్టూ దిండులా ఉండే అతి చవక రకం. తెడ్డు వేసిన ప్రతిసారీ ఆ అంచు మా ఆవిడ మెడకి ఒరుసుకునేది. పావుగంటకల్లా ఊపిరాడట్లేదని విప్పి కాళ్ళ దగ్గర పడేసింది, నీళ్ళ మధ్యలో. ఆమెకి ఈత రాదు. ఆ రోజు ఏమీ కాలేదు కానీ, ఇప్పటికీ గుర్తొస్తే నా గుండె జారుతుంది. ఒంటి మీద ఉంచుకోలేని జాకెట్ ఎంత చవకైనా దండగే.

అందుకే మీ డబ్బులో మొదటి 130, 150 డాలర్లు మూడు జాకెట్లకే తీసి పక్కన పెట్టండి. లేబుల్ మీద యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండాలి. ప్యాడ్లింగ్ (తెడ్డు వేయడం) కోసమని చేసినవి చేతులు ఆడేలా చంకల దగ్గర బాగా కోసి ఉంటాయి, వీపు వైపు స్పాంజి పైకి ఉంటుంది కాబట్టి సీటుకి ఆనుకున్నప్పుడు గుచ్చుకోవు. ఆన్‌లైన్‌లో కాకుండా దుకాణానికి వెళ్ళి వేసుకుని చూడండి. పట్టీలన్నీ బిగించాక, వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. తర్వాత కింద కూర్చుని గాల్లో తెడ్డు వేస్తున్నట్టు చేతులు తిప్పి చూడండి. మా ఆవిడ అలా నాలుగు వేసి చూసి, ఐదోది తీసుకుంది. అప్పటి నుంచి గట్టెక్కేదాకా విప్పింది లేదు.

పాప జాకెట్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. 30 నుంచి 50 పౌండ్లకి ఒక సైజు, 50 నుంచి 90కి ఇంకొకటి. ఎదుగుతుంది కదా అని పెద్దది కొనకండి, బట్టలకి పనికొచ్చే లెక్క ఇక్కడ పనికిరాదు. కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నది దొరికితే మరీ మంచిది. టెక్సాస్‌లో ఇలాంటి పడవల్లో 13 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి, చట్టమే. స్విమ్మింగ్ పూల్‌లో చేతులకి తొడిగే గాలి బుడగలు దీనికి లెక్కలోకి రావు. ఇండియా నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: అక్కడి జాకెట్ల మీద 50, 100 న్యూటన్లు అని ఉంటుంది, అది నీళ్ళలో మనిషిని తేల్చే బలానికి కొలత. 50 ఈత వచ్చి గట్టు దగ్గర తిరిగేవాళ్ళకి. ఈత రానివాళ్ళు 100కి తగ్గకూడదు.

రెండోది తెడ్డు. అందరూ దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. గంటలో వెయ్యికి పైగానే ఎత్తి దించే వస్తువు ఇది. గాలి కయాక్‌లు వెడల్పు ఎక్కువ, 36 అంగుళాల దాకా ఉంటాయి. వాటికి 230 నుంచి 240 సెంటీమీటర్ల తెడ్డు కావాలి. మా పెట్టెలో వచ్చింది పొట్టిది, పైగా బరువు. వేసిన ప్రతిసారీ వేళ్ళ కణుపులు పక్కనున్న గాలి గొట్టానికి రాసుకుని తోలు లేచింది, నీళ్ళన్నీ ఒళ్ళోకే కారేవి. 60 డాలర్లలో పొడవైన అల్యూమినియం తెడ్డు ఒక్కటి విడిగా కొంటే అదే పడవ వేరే పడవలా నడిచింది.

ఇక పడవ. మీకున్న చోటుకి గాలి కయాకే నయం. డిక్కీలో పడుతుంది, మెట్లెక్కించొచ్చు. అడుగున అమర్చే ఫిన్ (చేప రెక్కలాంటి పలక) ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే ముక్కు ఒకచోట నిలవదు. ఇద్దరిదని రాసినా అందులో ముగ్గురూ ఎక్కొద్దు. రాసిన బరువులో మూడింట రెండొంతులకి మించకుండా చూసుకుంటాం మేము. ఒకరు పాపతో పడవలో, ఇంకొకరు గట్టు మీద. జూలై ఎండలో గట్టున పెట్టినప్పుడు కాస్త గాలి తీసేయాలి, లోపలి గాలి వ్యాకోచించి కుట్ల దగ్గర ఒత్తిడి పడుతుంది. ఇంటికొచ్చాక తుడిచి ఆరబెట్టడమే అసలు పని. అడుగుకీ పక్క గొట్టానికీ మధ్య సందులో గ్లాసుడు నీళ్ళు దాక్కుంటాయి, పాత తువ్వాలు చేత్తో దూర్చి తుడవాలి. తడిగా మడిచారా, వారంలో బూజు.

గట్టి ప్లాస్టిక్‌ది తర్వాతెప్పుడైనా సెకండ్‌హ్యాండ్‌లో చూడొచ్చు. పైన కూర్చునే రకం 10 అడుగులది మొదటివాళ్ళకి బాగుంటుంది, పడిపోయినా మళ్ళీ ఎక్కడం సులువు. కొనేముందు తిరగేసి, నీళ్ళు పోవడానికి ఉండే రంధ్రాల చుట్టూ, ఈడ్చిన చోట, పగుళ్ళు వేలితో తడిమి చూడండి. అది పాలిథిలీన్, ఎంసీల్ పెడితే నాలుగు రోజుల్లో ఊడొస్తుంది.

అసలు ఇవేవీ కొనకముందు రెండుసార్లు అద్దెకి తీసుకోండి. డాలస్‌లో వైట్ రాక్ లేక్ దగ్గర దొరుకుతాయి. పాపకి నచ్చుతుందో లేదో, మీ నడుము ఎంతసేపు ఓర్చుకుంటుందో అక్కడే తేలిపోతుంది.

గాలి గురించి చెప్పకపోతే ఈ జవాబుకి అర్థం లేదండి. ఒక ఏప్రిల్లో లూయిస్‌విల్ లేక్‌లో దక్షిణపు గాలి వీస్తోంది. ఉత్తరానికి ఇరవై నిమిషాల్లో హాయిగా వెళ్ళిపోయాం. తిరుగుదారిలో గంటన్నర తెడ్డు వేసినా బయల్దేరిన రేవు చేరలేదు. గాలి పడవ నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది కదా, ఎటు వీస్తే అటే జారిపోతుంది. చివరికి వేరేచోట గట్టెక్కి కారు దాకా నడిచాం. మాది గోదారి లంక. ముందు ఎదురుగాలికి వెళ్ళి, వాలుగాలికి ఇంటికి రావాలని రేవులో పడవవాళ్ళు అనడం చిన్నప్పటి నుంచీ విన్నదే. డాలస్‌లో అరచేతులు బొబ్బలెక్కాక గానీ అది నాకు ఎక్కలేదు. ఇప్పుడు గాలి గంటకి 10 మైళ్ళు దాటితే గాలి పడవ బయటికి తీయం.

మిగతావి చిన్నవే. జాకెట్‌కి ఈల కట్టుకోండి. ఫోనుకి, తాళాలకి ఒక డ్రై బ్యాగ్, అంటే నీళ్ళు లోపలికి పోని సంచి. తెడ్డుతో నడిచే కయాక్‌కి టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో కావాలి. మన చెరువుల్లో జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్ల పురుగులు పాకుతున్నాయి కాబట్టి రేవు వదిలేముందు పడవలో నీళ్ళు చుక్క లేకుండా వంపేయాలి, అదీ చట్టమే.

మొదటి రోజు నడుములోతు నీళ్ళలో కావాలని పడవ బోర్లా వేసుకుని, మళ్ళీ ఎక్కడం ఒక పదిసార్లు చేయండి. జాకెట్ మిమ్మల్ని ఎత్తి పట్టుకోవడం ఒంటికి తెలియాలి, పాపకి మరీను. పాప బరువెంతో కింద రాయండి, మా అమ్మాయికి చిన్నదైపోయిన జాకెట్ ఒకటుంది, సరిపోతే ఇచ్చేస్తాను.