పాత అమెరికన్ వార్, వెస్టర్న్ కామిక్స్: ఒకటో నంబరు వెంట పడకండి

మీరు అడిగింది ఇదీ: డల్లాస్‌లో ఉంటున్నారు, పాత వార్ (యుద్ధ కథల), వెస్టర్న్ (కౌబాయ్ కథల) కామిక్స్ సేకరించాలని ఉంది, ఏ సిరీస్‌తో మొదలుపెట్టాలి, గ్రేడింగ్ చేసినవే (అంటే ఎంత బాగున్నాయో పరీక్షించి అంకె వేసినవే) కొనాలా, మోసపోకుండా ఎలా చూసుకోవాలి?

నేను న్యూజెర్సీలో ఉంటాను. పదమూడేళ్ళుగా ఈ పిచ్చి ఉంది. ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను, అందులోనే మీకు సగం జవాబు దొరుకుతుంది.

మొదట్లో నాకు ఏ సిరీస్ అయినా ఒకటో నంబరు నుంచి ఉండాలనే పట్టుదల. ఈసీ కంపెనీ వేసిన 'టూ ఫిస్టెడ్ టేల్స్' గురించి విని, దాని ఒకటో సంచిక కోసం రెండు కామిక్ షోలలో బాక్సులన్నీ గాలించాను. రెండో షోలో ఒక ముసలాయన నవ్వి, "ఒకటి నుంచి పదిహేడు దాకా నువ్వు వెతుకు, దొరికితే నేను కొంటా" అన్నాడు. ఆ పత్రిక 1950 చివర్లో 18వ నంబరుతోనే మొదలైంది! కొత్త పేరుతో పత్రిక పెడితే పోస్టాఫీసు పర్మిట్‌కి మళ్ళీ డబ్బు కట్టాలి కాబట్టి, ఈసీ వాళ్ళు తమ హారర్ పత్రిక నంబర్లనే దీనికి తగిలించారు. 18 నుంచి 41 వరకు, మొత్తం 24 సంచికలు. అంతే.

ఈ నంబర్ల తికమక వార్, వెస్టర్న్‌లలో చాలా ఎక్కువ. 'ఆల్ స్టార్ వెస్టర్న్' 1951లో 58వ నంబరుతో మొదలైంది, అంతకు ముందున్నది సూపర్‌హీరోల పత్రిక. అదే పేరుతో 1970లో మళ్ళీ ఒకటి నుంచి మొదలై, పన్నెండో సంచికకల్లా 'వియర్డ్ వెస్టర్న్ టేల్స్' అయిపోయింది. జోనా హెక్స్ అనే వెస్టర్న్ హీరో మొదటిసారి కనిపించేది ఈ రెండోసారి వచ్చిన దాని పదో సంచికలో, 1972లో. 'జీఐ కాంబాట్' మొదటి 43 సంచికలు క్వాలిటీ అనే కంపెనీవి, 44 నుంచి డీసీవి. 'సార్జంట్ రాక్' (ఇదొక సైనికుడి పాత్ర) అనే పేరుతో వెతికితే 302కు ముందువి కనిపించవు, ఎందుకంటే 1977 దాకా ఆ పత్రిక పేరు 'అవర్ ఆర్మీ ఎట్ వార్'. అందుకని ముందు ఒక నోటుపుస్తకం కొనండి, కామిక్ తర్వాత.

ఏ సిరీస్ అంటే, మొత్తం సిరీస్ అనుకోకండి. ఒక ముక్క తీసుకోండి. నేను తీసుకున్నది 'అవర్ ఆర్మీ ఎట్ వార్'లో కవర్ ధర పన్నెండు సెంట్లు ఉన్న కాలం, అంటే 1962 నుంచి 1969 మధ్య వరకు, సుమారు తొంభై సంచికలు. సార్జంట్ రాక్ అసలు రూపంలో వచ్చిన 83వ సంచిక 1959 నాటిది. దాని ధర చూస్తే గుండె జారిపోతుంది, దాని జోలికి నేను పోలేదు. కానీ కథ రాబర్ట్ కానిగర్, బొమ్మలు జో క్యూబర్ట్ అనే జోడీ ఈ తొంభైలోనూ పుష్కలంగా ఉంది. క్యూబర్ట్ గీసిన సైనికుడి మొహంలో గడ్డం, మట్టి, నిద్రలేమి మూడూ ఒకే గీతలో కనిపిస్తాయి. ఆయన 1976లో డోవర్‌లో పెట్టిన కార్టూన్ స్కూలు మా ఇంటికి దగ్గరే. ఆ బిల్డింగ్ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా కారు వేగం దానంతటదే తగ్గుతుంది.

డీసీ, మార్వెల్ కంపెనీల కవర్ల మీద ధర ముద్ర గుర్తుంచుకుంటే బాక్సుల్లో చకచకా వెతకొచ్చు. పది సెంట్లు ఉంటే 1961కో అంతకు ముందుకో చెందింది, పన్నెండు అయితే అరవైలు, పదిహేను అయితే 1969 తర్వాత. డీసీవి 1971, 72లలో ఇరవై అయిదు సెంట్లకు 52 పేజీలతో వచ్చాయి. కొత్త కథతోపాటు పాత కథలూ వేసేవారు. మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే గిట్టుబాటు బేరం లేదు. మధ్యరకం కాపీలు నాకు చాలావరకు పది డాలర్ల లోపే దొరికాయి.

వెస్టర్న్‌లో ఒక జాగ్రత్త. మార్వెల్ 'కిడ్ కోల్ట్ అవుట్‌లా' 1948 నుంచి 1979 దాకా 229 సంచికలు వచ్చిందని చూసి మురిసిపోకండి, చివరి భాగమంతా ఎక్కువగా పాత కథల పునర్ముద్రణే. 'రాహైడ్ కిడ్' కొనాలంటే స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి మళ్ళీ మొదలుపెట్టిన 17వ సంచిక, అంటే 1960 నుంచి చూడండి. డెల్ వాళ్ళ 'లోన్ రేంజర్', రాయ్ రోజర్స్, జీన్ ఆట్రీ కామిక్స్ చూడ్డానికి అందంగా ఉంటాయి, కథలు మాత్రం నాకు చప్పగా అనిపిస్తాయి. కృష్ణగారి కౌబాయ్ వేషం చూసి పెరిగిన నాలాంటివాడికి హీరో కాస్త చెడ్డవాడైతేనే కిక్కు, అందుకే జోనా హెక్స్ దగ్గర ఆగిపోయాను.

ఇక మోసపోవడం సంగతి. ఒకసారి ఆన్‌లైన్‌లో కవర్ ఫొటో బాగుందని 1963 సంచిక ఒకటి కొన్నాను. వచ్చాక తెరిచి చూస్తే మధ్యలో బొమ్మ సైనికుల ప్రకటన కూపన్ కత్తెరతో నీటుగా కోసేసి ఉంది. దాని వెనక పేజీలో రాక్ ఏదో అరుస్తున్నాడు, ఏమని అరుస్తున్నాడో కూపన్‌తోపాటు పోయింది. అమ్మినాయన్ని అడిగితే "కవర్ బాగుందనే కదా రాశాను" అన్నాడు. నిజమే, అంతే రాశాడు. కోసిన పిల్లాడి మీద మాత్రం నాకు కోపం రాలేదు. పన్నెండు సెంట్లు పెట్టి కొన్నవాడికి వంద మంది సైనికులు కావాలనిపించడంలో తప్పేముంది!

అప్పటినుంచి మూడు అడుగుతాను: పేజీలన్నీ లెక్కపెట్టారా, కూపన్లు ఉన్నాయా, మధ్య కాగితం పిన్నులకు అంటుకునే ఉందా? ఆ పిన్నులు తుప్పు పట్టాయో లేదో ఫొటో పంపమంటాను. కవర్ పైభాగం చింపినవి కూడా తగుల్తాయి. అమ్ముడుపోని వాటి కవర్ ముక్క వెనక్కి పంపితే షాపువాళ్ళకు డబ్బు తిరిగొచ్చేది, మిగిలిన పుస్తకం దొంగదారిలో చవగ్గా అమ్ముడుపోయేది. చదువుకోవడానికైతే అలాంటివీ కొనొచ్చు, నా దగ్గర నాలుగున్నాయి.

గ్రేడింగ్ చేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవి నేను కొనను. తెరిచి చదవలేని పుస్తకం నాకెందుకు? ఒకవేళ ఎప్పుడైనా ఆ 83నో, జోనా హెక్స్ మొదటిదో కొనే స్తోమత వస్తే మాత్రం గ్రేడ్ అయిందే తీసుకోండి. అంత ఖరీదైనవాటికి చిరుగులు అతికి, రంగులు అద్ది అమ్మేవాళ్ళుంటారు, మన కంటికి ఆనదు.

దాచుకునే విషయంలో శత్రువు కాగితమే. అది చవకరకం న్యూస్‌ప్రింట్, అందులోని ఆమ్లమే దాన్ని పసుపు చేసి పొడిపొడిగా రాల్చేస్తుంది. మైలార్ అనే ప్లాస్టిక్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, ఇంట్లో నడిమి గదిలో బీరువా. బేస్‌మెంట్‌లో వద్దు. ఇండియాకు అసలే వద్దు. ఇల్లు మారేటప్పుడు ఇరవై పుస్తకాలు రాజమండ్రిలో అమ్మ దగ్గర పెట్టాను. పాపం ఆవిడ పట్టుచీరలతోపాటు పెట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసింది. తెచ్చుకుని ఆరేళ్ళయింది, ఇప్పటికీ ఆ పెట్టె తీస్తే మా అమ్మాయి ముక్కు మూసుకుంటుంది.

ఇంకొకటి, చదివేముందు తెలిసుండాలి. వీటిలో జపాన్‌వాళ్ళను, అమెరికన్ ఆదివాసులను చూపించే తీరు చాలాచోట్ల ఇబ్బంది పెడుతుంది. ఎదురుగాలిలో నడిచినవీ ఉన్నాయి. ఆర్చీ గుడ్‌విన్ నడిపిన 'బ్లేజింగ్ కాంబాట్' 1965, 66లలో నాలుగే సంచికలు వచ్చింది, వియత్నాం రైతు వైపు నుంచి కథ చెప్పినందుకు సైనిక స్థావరాల దుకాణాలు అమ్మనన్నాయి. నాలుగే కాబట్టి పూర్తి సెట్ చేతికి అందుతుంది. మీకు సెట్ పూర్తి చేసిన తృప్తి కావాలంటే అది చూడండి.

నా తొంభైలో ఇప్పటికి 71 దొరికాయి. డల్లాస్ వైపు షోలకు వెళ్తే 1964 నాటివి కాస్త చూసి పెట్టండి, నాకు ఎక్కువ ఖాళీలు అక్కడే ఉన్నాయి. బదులుగా నా దగ్గర రెండేసి ఉన్న జోనా హెక్స్‌లు పంపుతాను, కలరా ఉండల వాసన లేనివే.