నీళ్లు వదిలారంటే బోదెలోకి వచ్చాయని కాదు

పాలకొల్లు

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద రాస్తే కనీసం సగమైనా చదువుతావని ఆశ.

మొన్న కారు బీమా సంగతి అడిగితే, "ఆటో రెన్యువల్ పెట్టేశాను, ఇక దాని గోల లేదు" అన్నావు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో వాహన బీమాలు రాసిన వాడిని. ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదంటే అబద్ధం, బాగానే పట్టింది. కానీ తెల్లవారి కాఫీ తాగుతుంటే మళ్లీ అదే గుర్తొచ్చింది.

మొగల్తూరు దాటాక ఉన్న మన శివారు పొలం నీకు తెలుసు. ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు వదిలారని పేపర్లో పడిన రోజున మీ తాతయ్య ఏనాడూ విత్తనం నానబెట్టలేదు. సైకిలు మీద వెళ్లి, బోదెలో, అంటే పొలానికి నీళ్లు తెచ్చే పిల్ల కాలువలో, నీళ్లు కంటితో చూసి వచ్చాకే గోనెసంచి తడిపేవారు. మధ్యలో ఎక్కడ గండి పడిందో, ఎవరు అడ్డుకట్ట వేసుకున్నారో ఇంట్లో కూర్చుంటే తెలియదు కదా. గడువుకు ప్రీమియం దానంతటదే కట్టేయమని నువ్వు బ్యాంకుకు ఇచ్చిన ఆదేశం ధవళేశ్వరంలో తలుపు ఎత్తడం లాంటిది. కొత్త తేదీలు వేసిన పాలసీ నీ చేతికి రావడమే బోదెలో నీళ్లు.

ఆ మధ్యలో పడే గండ్లు నాకు బాగా తెలుసు, ఒకటి నా ఇంట్లోనే పడింది. రిటైరయ్యాక నా కారుకూ ఇలాగే ఆటో రెన్యువల్ పెట్టాను. ఆ ఏడాది బ్యాంకు వాళ్లు పాత కార్డు రద్దు చేసి కొత్తది పంపారు. నేను ఇచ్చిన ఆదేశం పాత కార్డు మీదే ఉండిపోయింది. డబ్బు తీసుకోలేకపోయామన్న సందేశం నేను వాడడం మానేసిన నంబరుకు వెళ్లింది. ఇవేవీ తెలియక మీ అత్తయ్యను ఎక్కించుకుని చించినాడ వంతెన మీదుగా అంతర్వేది తీర్థానికి వెళ్లి వచ్చాను. పన్నెండో రోజున వేరే కాగితం కోసం బీరువా సర్దుతుంటే తేదీ కనబడింది. ఊరందరికీ గడువు తేదీలు గుర్తుచేసిన మనిషిని, బీమా లేని బండితో జనంలో తిరిగి వచ్చాను. నరసింహస్వామి దయ వల్ల ఏమీ కాలేదు. మీ అత్తయ్యకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇంకో గండి ఉంది, అది చదువుకున్న వాళ్లకే ఎక్కువగా తగులుతుంది. ఆటో రెన్యువల్ పెట్టేటప్పుడు ఇంత మొత్తానికి మించి తీయరాదని ఒక పరిమితి పెడతారు. నువ్వు పోయినేడు ప్రీమియం చూసుకుని దానికి కాస్త పైన పెట్టి ఉంటావు. మధ్యలో బంపరుకు క్లెయిమ్ చేశావు కదా, దాంతో నీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, సున్నాకు పడిపోయి ఈసారి ప్రీమియం పెరుగుతుంది. పరిమితి దాటితే బ్యాంకు తీయదు. ఓటీపీ లేకుండా బీమా ప్రీమియం తీసుకునే హద్దును రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో లక్ష రూపాయలకు పెంచింది కాబట్టి ఆ వైపు ఇబ్బంది లేదు. అడ్డు పడేది నువ్వు పెట్టుకున్న హద్దే. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలన్నది నియమం. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకు. గడువుకు ముందు రోజు వరకూ అది రాకపోతే ఇక ఎదురుచూడకు, నువ్వే కట్టేయి.

అసలు మెలిక ఇంకొకటి. నువ్వు కారు కొన్నది 2023 దసరాకు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ బీమా, అంటే నీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది, ఒకేసారి మూడేళ్లకు ఇస్తున్నారు. ఓన్ డ్యామేజీ, అంటే నీ బండికి జరిగే నష్టానికి ఇచ్చేది, సాధారణంగా ఏడాదికే ఉంటుంది. రెండూ ఒకే కాగితం మీద ఉండేసరికి చాలామంది మొత్తం మూడేళ్లని అనుకుంటారు. 2022 జూలై వరదలో ఇది కళ్లారా చూశాను. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు అవి. ఒక లంక గ్రామంలో నాకు తెలిసిన కుర్రవాడి కారు సీట్ల దాకా మునిగింది. 2020లో కొన్నాడు, "మూడేళ్ల బీమా ఉందండీ" అని ధీమాగా కాగితం పట్టుకొచ్చాడు. ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. ఓన్ డ్యామేజీ ముగిసి తొమ్మిది నెలలైంది. వరద నీటికి థర్డ్ పార్టీ పైసా ఇవ్వదు. ఆ మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. (మాటలో మాట, నీళ్లలో నిలిచిన బండిని ఎప్పుడూ స్టార్టు చేయకు. నీరు ఇంజనులోకి లాక్కుని పాడైతే, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకోని పాలసీలో ఆ ఖర్చు రాబట్టడం కష్టం.)

నీది దానికి తిరగబడ్డ సమస్య. ఓన్ డ్యామేజీని పోయినేడు చవక అని వేరే కంపెనీకి మార్చావు. థర్డ్ పార్టీ పాత కంపెనీ దగ్గరే ఉంది. ఈ దసరాకు మూడేళ్లు నిండి అదీ ముగుస్తుంది. నీ ఆటో రెన్యువల్ ఏ కంపెనీకి ఇచ్చావు, అందులో రెండూ వస్తాయా, ఒక్కటేనా? పాలసీ మొదటి పేజీలో రెండు గడువులు వేర్వేరుగా రాసి ఉంటాయి. రెండూ చూడు. యజమాని ప్రమాద బీమా 15 లక్షలది ఉందో లేదో అక్కడే చూడు.

గడువు దాటితే నాలుగు రోజులు చూస్తారులే అని ఎవరైనా అంటే నమ్మకు. అది జీవిత బీమా సంగతి. ప్రీమియం ముందుగా అందితే తప్ప కంపెనీ బాధ్యత తీసుకోకూడదని 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది. 2020 లాక్‌డౌన్‌లో వాహన బీమాకు కొద్ది రోజుల వెసులుబాటు ఇవ్వడానికి కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇవ్వాల్సి వచ్చిందంటే, మామూలు రోజుల్లో అది లేదనే కదా అర్థం. అందరూ చెప్పే 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ నిలుపుకోవడానికి ఉన్న గడువు మాత్రమే. ఆ 90 రోజుల్లో బండికి రక్షణ ఉండదు.

పోలీసులు ఆపితే మొదటిసారి జరిమానా రెండు వేలు, జైలు కూడా ఉండవచ్చు. నన్ను భయపెట్టేది అది కాదు. మన రోడ్లు నీకు తెలుసు. ఒక పక్క కాలువ, మరో పక్క చెరువు, ఎదురుగా రొయ్యల లారీ, మధ్యలో బడి పిల్లల సైకిళ్లు. జరగరానిది జరిగితే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పైహద్దు లేదు. బీమా ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే యజమాని కట్టాలి. కారు అమలాపురంలో బావ దగ్గర, అంటే మీ నాన్న దగ్గర ఉన్నా, నడిపేది డ్రైవరైనా, ఆర్సీలో పేరు నీది. బీమా లేని బండితో ప్రమాదం జరిగితే తగిన హామీ చూపించేదాకా బండినీ వదలరు.

ఒకవేళ ఎప్పుడైనా గడువు దాటిందని తెలిస్తే, బండిని అక్కడే ఆపు. ఏజెంటు ఇంటి దాకా కూడా నడపకు. కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు, లేదా ఫోనులో వీడియో తీసి పంపమంటారు. సొట్ట ఉంటే ఉందని చెప్పు. పాత తేదీ వేయమని ఎవరినీ బతిమాలకు. నన్ను అలా అడిగిన వాళ్లలో పెద్దమనుషులు కూడా ఉన్నారు, ఎవరికీ వేయలేదు. కొత్త పాలసీ ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలవుతుందో చదివి, ఆ గంట దాటాకే తాళం పెట్టు. డబ్బు కట్టిన రసీదు పాలసీ కాదు.

ఆటో రెన్యువల్ తీసేయమని నేను అనడం లేదు, ఉండనీ. గడువుకు మూడు వారాల ముందు నువ్వే ఒకసారి లోపలికి వెళ్లి కార్డు, నంబరు, పరిమితి చూసుకో. ముందే కట్టినా నష్టం లేదు, పాతది ముగిశాకే కొత్తది మొదలవుతుంది. పాలసీ వచ్చాక బండి నంబరు, ఇంజను నంబరు, రెండు తేదీలు సరిచూసి, ఒక ప్రతి అచ్చు తీసి కారులో పెట్టు. రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లోనూ చూడు, అక్కడ ఎక్కడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కంగారు పడకు.

మీ అమ్మ వంటింట్లో వేలాడే క్యాలెండరులో దసరా నెల పేజీ మీద, దానికి ముందు నెల పేజీ మీద ఎర్ర సిరాతో రాయమని బావకు చెప్పాను. ఆయన పాల లెక్క పక్కనే రాశారట. నువ్వు మాత్రం ఇప్పుడున్న పాలసీ, దానితో పాటు పాత మూడేళ్ల కాగితం, రెండూ ఈ ఆదివారంలోగా నాకు పంపు. కళ్లజోడు మార్చుకున్నాను, చిన్న అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి.

మీ
మావయ్య