డ్రైవ్‌వే మీద ఇంజిన్ ఆయిల్ మరక: యాసిడ్ జోలికి పోకండి

సందేహం: అమెరికాలో ఉంటున్నాం, అద్దె ఇల్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. కారు పెట్టే చోట డ్రైవ్‌వే మీద పళ్ళెమంత నల్లటి మరక పడింది. సబ్బు నీళ్ళతో రెండుసార్లు కడిగినా పోలేదు. డిపాజిట్‌లో కోస్తారా? ఎలా తీయాలి?

కోసే అవకాశం ఉంది. ఇంట్లో ఉన్నాక సహజంగా వచ్చే అరుగుదలకు ఓనరు డబ్బు పట్టుకోకూడదు గానీ, ఆయిల్ మరకను చాలామంది ఓనర్లు ఆ లెక్కలో వెయ్యరు. నెల రోజుల టైముంది కాబట్టి మరకను చాలావరకు తీసేయొచ్చు.

ముందు అది కాంక్రీటో కాదో చూసుకోండి. బూడిద రంగులో ఉంటే కాంక్రీటు. నల్లగా తారు రోడ్డులా ఉంటే ఆస్ఫాల్ట్. తారు కూడా పెట్రోలియం సరుకే కదా, దాని మీద మినరల్ స్పిరిట్స్ (పెయింటు పల్చన చేసే ద్రవం) లాంటివి పోస్తే మరకతో పాటు తారూ కరిగి గుంట పడుతుంది. ఆస్ఫాల్ట్ అయితే గిన్నెల సబ్బుతో రుద్ది అంతటితో ఆగండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా కాంక్రీటుకే.

కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది గానీ నిండా సన్నటి రంధ్రాలే. ఆయిల్ వాటిలోకి దిగిపోతుంది. సబ్బు పైపైన ఉన్నదాన్నే తీస్తుంది, లోపలిది రెండు ఎండలకు మళ్ళీ పైకి తేలుతుంది. మీకు జరిగింది అదే. కాబట్టి కడగడం కంటే పీల్చడం ముఖ్యం. తలంటుకు సున్నిపిండి నూనెను ఎలా పడుతుందో ఇదీ అంతే.

మరక తాజాదైతే పని తేలిక. రుద్దకుండా, నీళ్ళు పొయ్యకుండా క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం తొట్టిలో పోసే మట్టి గుళికలు) ఒత్తుగా చల్లి, చెప్పుకాలితో నలిపి, రాత్రంతా వదిలెయ్యండి. ఉండకట్టే రకం వద్దు, చవకగా దొరికే మామూలు మట్టి రకమే కావాలి. పొద్దున్నే ఊడ్చేస్తే చాలావరకు వచ్చేస్తుంది.

మీది పాతది కాబట్టి రెండు విడతలు పడుతుంది. మొదటి విడత డీగ్రీజర్, అంటే జిడ్డును వదలగొట్టే ద్రవం. పర్పుల్ పవర్, ఆయిల్ ఈటర్ లాంటివి ఆటో పార్ట్స్ షాపుల్లో గ్యాలన్ డబ్బాల్లో ఉంటాయి. ఎంత నీళ్ళు కలపాలో డబ్బా మీదే ఉంటుంది, పాత మరకకు అందులో చెప్పిన చిక్కటి పాళ్ళే తీసుకోండి. ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు పొయ్యొద్దు, పని చేసేలోపే ఆరిపోతుంది. సాయంత్రం పోసి, పది పదిహేను నిమిషాలు తడి ఆరకుండా చూసి, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనప తీగల బ్రష్ వాడితే తెగిన తీగ ముక్కలు కాంక్రీటులో ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి. ఒకటి తీయబోతే ఇంకొకటి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి, ఈ డీగ్రీజర్లలో చాలావాటికి క్షారం ఘాటు ఎక్కువ.

ఒకరోజు ఆరనిచ్చి చూడండి. ఇంకా నీడలా కనిపిస్తే రెండో విడత పట్టు వెయ్యాలి. రెండు కప్పుల మట్టి క్యాట్ లిట్టర్‌ను సంచిలో వేసి సుత్తితో పొడి చేయండి. రేకు డబ్బాలో మినరల్ స్పిరిట్స్ కొంచెం కొంచెంగా పోస్తూ గారెల పిండిలా కలపండి. దోసెల పిండిలా జారితే మరక ఇంకా వెడల్పవుతుంది. మరక దాటి రెండంగుళాలు బయటికి వచ్చేలా, అర అంగుళం మందాన పరిచి, ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులకు టేపు వేసి 24 గంటలు ఉంచండి. కప్పి ఉన్నంతసేపూ లోపల ఆయిల్ కరుగుతుంది. షీటు తీశాక పట్టు ఎండుతూ దాన్ని పైకి లాగుతుంది. అందుకే షీటు తీసిన వెంటనే గోకెయ్యకండి, పూర్తిగా పొడిబారనివ్వండి. ఏళ్ళనాటి మరకకు రెండు మూడు పట్లు పడతాయి. కాలిఫోర్నియాలో కొన్నిచోట్ల మినరల్ స్పిరిట్స్ షాపుల్లో దొరకదు. అక్కడ ఎసిటోన్ వాడొచ్చు, కాకపోతే చాలా త్వరగా ఆవిరైపోతుంది, షీటు వెంటనే కప్పాలి.

మినరల్ స్పిరిట్స్, ఎసిటోన్ రెండూ ఇట్టే నిప్పంటుకునే సరుకులు. చాలా ఇళ్ళల్లో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దాని లోపల పైలట్ మంట వెలుగుతూ ఉండొచ్చు. గరాజ్ లోపలి మరకకు ఈ పట్టు వెయ్యకండి, డీగ్రీజర్‌తోనే రెండుమూడుసార్లు చేయండి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు బాత్రూం యాసిడ్ పొయ్యడం. ఇక్కడ మ్యూరియాటిక్ యాసిడ్ పేరుతో అమ్ముతారు. అది సిమెంటును తింటుంది, ఆయిల్‌ను ముట్టుకోదు. పైపొర పోయి గరుకుతేలి, తర్వాత పడే ప్రతి చుక్కనూ ఇంకా బాగా పీలుస్తుంది. బ్లీచ్ కూడా ఆయిల్‌ను తీయదు.

ప్రెషర్ వాషర్ అద్దెకు తెస్తే పచ్చ రంగు 25 డిగ్రీల నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి కొట్టండి. ఎర్రది సున్నా డిగ్రీలది, కాంక్రీటు మీద గీతలు కోసేస్తుంది. మరక ఒక్కటే కడిగితే మాసిన డ్రైవ్‌వే మధ్యలో తెల్లటి మచ్చ మిగులుతుంది. జాయింటు నుంచి జాయింటు దాకా ఆ పలక మొత్తం కడగండి.

కడిగిన నీళ్ళు మాత్రం వీధి కాలువలోకి పోనివ్వొద్దు. చాలా ఊళ్ళల్లో ఆ నీళ్ళు శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లో కలుస్తాయి, జరిమానా వేసే సిటీలున్నాయి. పల్లానికి పాత తువ్వాళ్ళు, క్యాట్ లిట్టర్ అడ్డు వేసి పీల్చుకోండి. ఆయిల్ పీల్చిన లిట్టర్‌ను, ఎండిన పట్టును మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

బ్యాక్‌యార్డ్‌లో గారెలు, జంతికలు వేయించినప్పుడు చిందే వంటనూనెది వేరే కథ. అది పాతబడితే జిగురులా గడ్డకడుతుంది. దానికి పట్టు అక్కర్లేదు, చాకలి సోడా చాలు. బట్టల సబ్బుల వరసలో వాషింగ్ సోడా అని ఉంటుంది, వంటసోడా కాదు. గ్యాలన్ వేడినీళ్ళలో అరకప్పు కలిపి పోసి, 20 నిమిషాలాగి రుద్దితే నూనె సబ్బుగా మారి కొట్టుకుపోతుంది. ఇంజిన్ ఆయిల్ ఇలా సబ్బుగా మారదు.

ఇంత చేశాక అదే కారు అక్కడే పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. గోధుమరంగో నలుపో అయితే ఇంజిన్ ఆయిల్, ఎరుపైతే సాధారణంగా ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, పచ్చగానో నారింజ రంగులోనో ఉంటే కూలెంట్. వట్టి నీళ్ళైతే అది ఏసీ నుంచి వచ్చేదే, వదిలెయ్యండి. ఆయిల్ మార్పించిన వారంలోనే కారుతుంటే డ్రెయిన్ ప్లగ్గు, ఫిల్టరు బిగింపు ముందు చూపించండి. రిపేరయ్యే దాకా ఆ అట్ట అక్కడే ఉండనివ్వండి.