నలభై కంప్యూటర్లు కలిపితే నలభై రెట్లు వేగం వస్తుందా?

ప్రశ్న: 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానును దృష్టిలో ఉంచుకొని, శ్రీకాకుళం నుంచి సహాయ సామగ్రితో బయలుదేరే లారీ ఉద్దానంలోని 20 ఊళ్లను ఏ వరుసలో చుట్టి వస్తే దూరం తగ్గుతుందో తేల్చే ప్రోగ్రామును మా విద్యార్థి బృందం రాసింది. సాధ్యమైన వరుసలన్నిటినీ పరీక్షించే ఆ ప్రోగ్రాము రాత్రంతా నడిచినా ముగియలేదు. ల్యాబులోని 40 కంప్యూటర్లకు పని పంచితే 40 రెట్లు త్వరగా తేలుతుందా?
– ఒక విద్యార్థి, టెక్కలి

జవాబు: మీకు కొరత కంప్యూటర్లది కాదు, పద్ధతిది. ఒక వరుసనూ దాన్నే తిరగేసిన వరుసనూ, దూరం ఒకటే కనుక, ఒకటిగా లెక్కపెట్టినా, 20 ఊళ్లకు సుమారు 12 వేల కోట్ల కోట్ల వరుసలు ఉంటాయి. సెకనుకు 10 కోట్ల వరుసలు చూసినా ఒక కంప్యూటరుకు దాదాపు 385 ఏళ్లు, 40 కంప్యూటర్లకు తొమ్మిదిన్నర ఏళ్లకు పైగా పడుతుంది. ఇంకొక్క ఊరు చేరిస్తే పని 21 రెట్లు పెరుగుతుంది, మరొకటి కూడా చేరిస్తే 462 రెట్లవుతుంది. అంటే మీ ల్యాబు మొత్తం కలిసినా, అంతే సమయంలో అదనంగా చేర్చుకోగలిగేది ఒక్క ఊరే.

1962లో గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ విడిగా, మైకేల్ హెల్డ్, రిచర్డ్ కార్ప్ కలిసి ప్రతిపాదించిన పద్ధతిని ముందు ప్రయత్నించండి. మందస, సోంపేట, కంచిలి చూసుకొని కవిటి చేరిన లారీకి ఆ మూడింటినీ ఏ వరుసలో చూసిందన్నది ఇక అనవసరం కనుక, ఆ వరుసల్లో అతి తక్కువ దూరమైనదాన్ని మాత్రం దాచుకొని తక్కినవి వదిలేస్తారు. దీంతో పని సుమారు 42 కోట్ల లెక్కలకు దిగుతుంది, దానికి ఒక్క కంప్యూటరే చాలు.

ఇక 40 రెట్ల సంగతి. పనిలో 5 శాతం పంచడానికి వీలుకానిదైతే, కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్డాల్ 1967లో చూపిన తర్కం ప్రకారం 40 కంప్యూటర్లతో దక్కే వేగం పదమూడున్నర రెట్లే. కంప్యూటర్లు ఎన్ని పెంచినా 20 రెట్లు దాటదు.

మీ ల్యాబు నిజంగా అక్కరకొచ్చేది మరోచోట. మహేంద్రతనయ, బాహుదా నదులు పొంగి, చెట్లు కూలి, ఏ దారి మూసుకుపోతుందో ముందు తెలియదు కదా! అనుమానమున్న దారులు ఎనిమిదనుకుంటే, తెరిచి ఉన్నవీ మూసుకుపోయినవీ కలిపి 256 పరిస్థితులు ఏర్పడతాయి. ఒకదాని లెక్క మరొకదానిపై ఆధారపడదు కాబట్టి ఒక్కో కంప్యూటరుకు సగటున ఆరేడు వచ్చేలా పంచితే వేగం 40 రెట్లకు దగ్గరగా వస్తుంది. ఇలా తేలిన వరుసల్లో ప్రతిదాన్నీ తక్కిన పరిస్థితులన్నిటిలోనూ పరీక్షించి, సగటున తక్కువ దూరమైనదానికన్నా అతి చెడ్డ పరిస్థితిలోనూ ఊళ్లను చేరగలిగేదాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం.

దూరాల పట్టికను ప్రతి కంప్యూటరుకూ ఒక్కసారే పంపి, ఫలితం మాత్రం తిరిగి తెప్పించుకోండి. అన్నీ ఒకే కాలంలో కొన్నవి కావు గనుక (ఏ ల్యాబులోనైనా ఇదే తంతు) ముందుగా సమాన వాటాలు వేయకుండా, చేతిలో పని ముగించిన కంప్యూటరుకే తరువాతి పరిస్థితిని అందించండి. కరెంటు పోయి ఏదైనా ఆగిపోతే దాని వాటాను మరొకదానికి అప్పగించే వీలుండాలి. అందుకని ఫలితం చేతికి అందేదాకా ఏ పరిస్థితినీ జాబితా నుంచి కొట్టివేయకండి.