ఉత్ప్రేరకం ఖర్చు కాదంటారు, మరి ఫ్యాక్టరీల్లో మళ్లీ మళ్లీ ఎందుకు కొంటారు?

ఉత్ప్రేరకం, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం, చర్యలో పాల్గొన్నా చివరికి మిగిలే ఉంటుందని మీ అమ్మాయి ఇంటర్ పుస్తకంలో చదివిందట. మరి కంపెనీలు దాన్ని ఎందుకు కొంటూనే ఉంటాయని అడిగారు. పుస్తకంలో ఉన్నది నిజమే. కాకపోతే అది ఆ ఒక్క చర్య సంగతే చెబుతుంది, ముడిసరుకుతో పాటు వచ్చే చెత్త సంగతి చెప్పదు.

నేను గుంటూరు దగ్గర ఒక నూనె ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టుగా చేశాను. పత్తి గింజల నూనెను వనస్పతిగా గట్టిపరిచే ప్లాంటు. ఆటోక్లేవులో, అంటే ఒత్తిడి తట్టుకునే మూసిన పాత్రలో, నూనెను 150 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఉత్ప్రేరకంగా నికెల్ వేసి, హైడ్రోజన్ వదులుతాం. ఆ నికెల్ పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది. అందుకే గట్టి కొవ్వులో పొదిగి, నల్లటి బిళ్లల్లా పంపుతారు. టన్ను నూనెకు అసలు నికెల్ కిలో కూడా పట్టదు.

చర్య అందుకుందంటే, వేడిచేసే ఆవిరి కట్టేసినా వేడి దానంతట అదే పెరుగుతుంది. నూనెలో హైడ్రోజన్ పట్టడానికి ఇంకా ఎంత చోటుందో చెప్పే అయోడిన్ విలువ ఒక యూనిట్ తగ్గితే సుమారు 1.6 డిగ్రీలు పెరుగుతుంది. ఒక రాత్రి షిఫ్టులో వేడి చూపే ముల్లు కదల్లేదు. హైడ్రోజన్ ప్రెషరూ దిగలేదు. ఇంకొంచెం నికెల్ వేయమన్నారు, వేశాను. గంట గడిచినా అంతే. ఒకటే టెన్షన్. చివరికి నూనె శాంపిల్ తీసి, బ్రోమోఫినాల్ బ్లూ అనే రంగు మారే సూచిక కలిపిన అసిటోన్‌లో పోశాను. పసుపుగా ఉండాల్సిన పైపొర నీలంగా తిరిగింది.

సబ్బు! కాస్టిక్ సోడాతో నూనెలోని ఆమ్లాన్ని తీసేటప్పుడు సబ్బు తయారవుతుంది, దాన్ని వేడినీళ్లతో కడిగేయాలి. ఆ రోజు కడగడం సరిగా జరగలేదు, తర్వాత నూనె రంగు తీసే బ్లీచింగ్‌లోనూ పోలేదు.

నూనె అణువు, హైడ్రోజన్ రెండూ నికెల్ ఉపరితలం మీద అతుక్కుంటేనే చర్య. పండగ రద్దీలో విజయవాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టేస్తారు చూడండి, సబ్బు, నూనెలోని జిగురు, గంధకం నికెల్ మీద అలా చోటు పట్టేస్తాయి. సీటు అక్కడే ఉంటుంది, కూర్చునే వీలుండదు. పుస్తకంలో ‘ఉత్ప్రేరక విషం’ అని ఉండేది ఇదే. గంధకంతో ఇంకో చిక్కు ఉంది: సగం చచ్చిన నికెల్ పని మానదు, కానీ గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు ఎక్కువ చేస్తుంది. నూనెలు, వనస్పతిలో అది 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో రూలు కూడా ఉంది.

అంతా ఉపరితలం మీదే ఆధారపడుతుంది కాబట్టే, అమెరికాలో ముర్రే రేనీ అనే ఇంజనీరు 1920లలో ఇదే పత్తి గింజల నూనె కోసం నికెల్, అల్యూమినియం కలిపి కరిగించి, అల్యూమినియాన్ని కాస్టిక్‌తో తినేయించాడు. మిగిలింది స్పాంజిలా బొరియలున్న నికెల్. నూనె ఫ్యాక్టరీ అవసరంగా పుట్టిన ఆ రేనీ నికెల్ ఇప్పుడు మందుల తయారీలోనూ వాడుతున్నారు. నాకెంతో ఇష్టమైన సంగతి ఇది.

మీ కారు సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టర్‌దీ ఇదే కథ. అందులోని ప్లాటినం, రోడియం పూతను సీసం చంపేస్తుంది. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు రావడానికి అదొక కారణం.

ఇక మీ అమ్మాయికి ఇది చెప్పండి. పని అయిపోయిన నికెల్‌ను మేం పారేసేవాళ్లం కాదు. నూనెను వడకట్టే ఫిల్టర్ ప్రెస్ గుడ్డల మీద నుంచి గీకిన నల్లటి మడ్డిని డ్రమ్ముల్లో నింపి, నికెల్ తిరిగి తీసేవాళ్లకు అమ్మేవాళ్లం. మడ్డిలో ఎంత శాతం నికెల్ ఉందో పరీక్ష చేసి, దాన్నిబట్టే వాళ్లు ధర కట్టేవారు.