ఇంటికి వచ్చినా డ్యూటీ దిగని భర్త

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్లయి పదేళ్లు. మా ఆయన నేవీలో హెలికాప్టర్ల రేడియోలు, రాడార్, వైరింగ్ చూసే టెక్నీషియన్. మూడేళ్లుగా విశాఖలో మర్రిపాలెం దగ్గర ఉంటున్నాం. ఏడాదిగా మనిషి మారిపోయారు. ఇంటికొచ్చాక మాట్లాడరు. ఏమైందని అడిగితే "డ్యూటీ సంగతులు చెప్పకూడదు" అంటారు. రాత్రిళ్లు లేచి గ్యాస్ రెగ్యులేటర్, తలుపు గొళ్లెం మూడు నాలుగు సార్లు చూస్తారు. నన్నూ లేపి అడుగుతారు. ఏడేళ్ల పాప బ్యాగులో ఒక్క పెన్సిల్ తగ్గినా కేకలేస్తారు. పదిహేనేళ్ల సర్వీసు దగ్గరపడింది, బయటకు వచ్చేయమంటే "చూద్దాం" అంటారు. నామీద ఇష్టం పోయిందా? ఏం చేయాలి?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, చివర అడిగినదానికే ముందు చెబుతాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు కనబడింది భయం. ఇష్టం పోయిందని అనుకోవడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.

ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే ఆయన పని ఎలాంటిదో కాస్త చూడాలి. విమానం మీద పని చేసేవాళ్లు పని ముగిశాక టూల్స్ లెక్కపెడతారు. ఒక్క స్క్రూడ్రైవర్ తగ్గినా అది దొరికేదాకా వెతకాల్సిందే. ఎక్కడో ఇరుక్కుని ఉంటే గాల్లో ప్రాణాలకే ముప్పు. పాప పెన్సిల్ దగ్గర ఆయన గొంతు ఎందుకు లేస్తుందో ఇప్పుడు తెలుస్తోంది కదా? పాప మీద అరవడం సరైనదని నేను అనడం లేదు. ఆ అరుపు హ్యాంగర్ నుంచి, అంటే విమానాలు నిలిపి బాగుచేసే షెడ్డు నుంచి, వచ్చిందని చెబుతున్నాను.

ఇక వైరింగ్ సంగతి. మన విశాఖ గాలి మీకు తెలియనిదా, కిటికీ ఊచలే ఏడాది తిరిగేసరికి తుప్పు పడతాయి. ఆ ఉప్పుగాలి వైర్లను కలిపే కనెక్టర్లలోని సన్నటి పిన్నులనూ తింటుంది. పైలట్ వచ్చి "గాల్లో రేడియో ఆగి ఆగి వచ్చింది" అంటాడు. కింద పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. అదురు, వేడి, తేమ కలిసినప్పుడే బయటపడే లోపం అది. వెతికి, శుభ్రం చేసి, మళ్లీ పరీక్షించి రికార్డులో సంతకం పెట్టాలి. సంతకం పెట్టిన చెయ్యి ఇంటికి వచ్చేస్తుంది, మనసు మాత్రం ఆ పిన్ను దగ్గరే ఉండిపోతుంది. అర్ధరాత్రి గ్యాస్ రెగ్యులేటర్ దగ్గరకు ఆయన్ను నడిపిస్తున్నది ఇదేనేమో అని నాకనిపిస్తోంది.

డ్యూటీ వివరాలు చెప్పకూడదన్నది నిజమే, ఆ గీత మీరు దాటించకండి. కానీ "ఈరోజు టెన్షన్‌గా ఉంది" అని చెప్పడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. చాలామంది సర్వీసు మగవాళ్లు ఈ రెండింటినీ ఒకే తాళం కింద పెట్టేస్తారు. అందుకని "ఏం జరిగింది?" అని అడగకండి. "ఈరోజు మనసు ఎలా ఉంది?" అని అడగండి. అదీ రాగానే గుమ్మంలో వద్దు. స్నానం, టీ అయ్యాక, పాప ఆటలో ఉన్నప్పుడు అడగండి. మొదటి నాలుగు రోజులు "బాగానే ఉంది" అనే వస్తుంది. వదిలేయండి, గుచ్చకండి.

రాత్రి లేపి అడిగినప్పుడు ఒక్కసారి నెమ్మదిగా "కట్టేశాను" అని చెప్పండి. రెండోసారి అడిగితే, "చెప్పాను కదండీ, పడుకుందాం" అనండి. ఆయనతో లేచి వెళ్లి చూపించకండి. ఇది కఠినంగా అనిపిస్తుంది, తెలుసు. కానీ భరోసా ఇచ్చే కొద్దీ ఆ అనుమానం మళ్లీ మళ్లీ అడుగుతుంది. పగలు, ఆయన కుదురుగా ఉన్నప్పుడు ఈ సంగతి ముందే మాట్లాడుకోండి. పాప ముందు, అత్తగారి ముందు దీన్ని ఎగతాళి చేయొద్దు.

మూడు నాలుగు వారాలు చూసినా తగ్గకపోతే, లేదా నిద్ర మరీ పాడైతే డాక్టర్‌ని కలవాలి. సర్వీసులో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే మెడికల్ కేటగిరీ తగ్గుతుందనే భయంతో ఆయన వెనకాడవచ్చు. మొదటి అడుగుగా మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) మీరే ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. నిద్ర లేని మనిషి సున్నితమైన పని చేయడం ఆయనకే క్షేమం కాదని, ఆయన పని భాషలోనే చెప్పండి. ఇది ఆయనకు తప్పకుండా తగులుతుంది. చనిపోవాలనిపిస్తోందని ఎప్పుడైనా అంటే మాత్రం వారాలు లెక్కపెట్టకండి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బయటకు రావడం గురించి ఒక్క మాట. పదిహేనేళ్లు నిండితే పెన్షన్ వస్తుంది, అది పెద్ద ఆసరా. కానీ సివిల్ విమానాల మీద సంతకం పెట్టాలంటే పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే బీ2 లైసెన్సు (రేడియో, వైరింగ్ పనులకు) కావాలి. పరీక్షలు రాయాలి, సివిల్ విమానాల మీద అనుభవమూ చూపించాలి. అక్కడా సంతకమే, అక్కడా బాధ్యతే. ఈ భయం నుంచి పారిపోవడానికి ఉద్యోగం మారితే అది వెంటే వస్తుంది. ముందు నిద్ర కుదుటపడనివ్వండి, తర్వాత కాగితాలు ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి.

ఈ ఆదివారం వీలైతే బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియానికి వెళ్లండి. 29 ఏళ్లు నేవీలో ఎగిరి 2017లో రిటైరైన విమానం. టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు, అక్కడ దాచాల్సిన రహస్యం లేదు. పాపను ఆయన చెయ్యి పట్టుకోనివ్వండి. "నాన్నా, ఇదేంటి?" అని అది అడుగుతుంది. మీరు పక్కన నిలబడి ఆయన చెప్పేది వినండి.